వంద వాట్ల బల్బు, అరవై వాట్ల తెలివి

ఇయ్యాల వరి గురించి గాదు, బత్తాయి రేటు గురించి గాదు. నా పాత మారుతి 800 గురించి రాస్తున్న. జర పెద్దగనే ఉంటది, బర్రెలకు మేతేసి తీరిగ్గ కూసొని చదువుండ్రి.

నా కారు సంగతి ఊళ్లె అందరికీ ఎరుకే. చాయ్ హోటల్ కాడ నెల రోజుల సంది అదే ముచ్చట. "వ్యవసాయం చేస్కునేటోనికి కారుతోని ప్రయోగాలెందుకు? మెకానిక్ కు ఇయ్యాలె, పైసలు కట్టాలె, తెచ్చుకోవాలె" అని పెద్దమనుషులు తీర్పు చెప్పిండ్రు. ఆ తీర్పు తప్పని చెప్పనీకే ఈ పోస్టు. నేను తప్పు చేయలేదని మాత్రం అంటలేను. చేసిన. ఏం తప్పు చేసిన్నో ముందు చెప్త.

సెకండ్ హ్యాండ్ ల కొన్న బండి. మా చెల్క బాట మీకు తెలుసు, నడుమ గడ్డి, రెండు దిక్కుల గాడి. పోయిన ప్రతిసారీ ఇంజన్ కింద సంపు రాళ్లకు గీకుతున్నది. బండి జర లేపితే అయిపాయె అనుకున్న. లేత్ మిషన్ కాడికి పోయి రెండంగుళాల నైలాన్ దిమ్మెలు చేయించి ముందల స్ప్రింగుల మీద పెట్టిచ్చిన. బండి ఠీవిగ నిలబడ్డది. మూడు నెలలకు మలుపుల కాడ టకటక సప్పుడు. చూస్తే యాక్సిల్ రబ్బరు చినిగి, గ్రీసంత బయటికొచ్చి, లోపల మట్టి జొచ్చింది. బండి లేస్తే యాక్సిల్ వంపు మారుతది, ఆ వంపు మీద రబ్బరు తిరగలేక చినుగుతది. కంపెనోడు ఆ ఎత్తు ఊరికే పెట్టలేదని నాకప్పుడు సమజైంది. దిమ్మెలు తీసేసిన. సంపు కింద ఇనుప రేకు కోపించి నాలుగు బోల్టులు బిగించిన. ఇప్పుడు రాయి తగిలితే రేకుకు తగుల్తది. మొదట్నే చేయాల్సిన పని అది.

ఎనుక సీటు పీకి మందు డబ్బాలు, స్ప్రేయర్ పెట్టుకున్నది రెండో పని. దాని గురించి ఎక్కువ చెప్ప. పిల్లగాడు ఒకసారి ఉత్త రేకు మీద కూసుంటే ఇంటామె నన్ను తిట్టిన తిట్లు మళ్ల రాయలేను. సీటు ఎక్కడిదక్కడ పెట్టిన.

అసలు కత మూడోది. రాత్రి లైట్లు మరీ గుడ్డిగ ఉంటున్నయ్. టౌన్ల ఒక దుకాణంకాడికి పోయి అడిగితే 100/90 వాట్ల బల్బులు చేతుల పెట్టిండు. కంపెనీ బల్బు 60/55. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇంటికాడ నేనే బిగించుకున్న, పది నిమిషాల పని. ఆ రాత్రి రోడ్డు పట్టపగల్లెక్క కనవడ్డది. మీసం మెలేసిన.

పది రోజులకు దేవరకొండ దిక్కు పెండ్లికి పోయి, ఇంటామెను, పిల్లగాన్ని తీస్కొని డిండి రోడ్డు మీద వస్తున్న. ముందల పత్తి లోడు ట్రాలీ, ఎనుక ఒక్క దీపం లేదు, స్టిక్కర్ లేదు. నా లైట్లుండబట్టి దూరంకెళ్లి చూసిన, స్పీడ్ తగ్గించిన. అప్పుడే ప్లాస్టిక్ కాలిన వాసన. స్టీరింగ్ కాడ స్విచ్ ల నుంచి సన్నగ పొగ. రెండు లైట్లూ ఒక్కసారే బంద్. చిమ్మచీకటి. ముందల ట్రాలీ ఎక్కడున్నదో తెల్వదు, ఎనుక ఏమొస్తున్నదో తెల్వదు. అందాజుగ పక్కకు దించి, ఇద్దర్నీ చెట్టుకిందికి నడిపిచ్చి, నేను బ్యాటరీ తీగ పీకిన. పిల్లగాడు నా అంగీ ఇడ్వలేదు. ఇప్పటికీ ఆ వాసన ముక్కుల్నే ఉన్నది.

అయితే తప్పు ఎక్కడున్నది? నేను స్పానర్ పట్టుకోవడంల ఉన్నదా? లేదు. లెక్క చేయకపోవడంల ఉన్నది. ఆ లెక్క మనకు రానిది గాదు, రోజూ బాయికాడ చేసేదే.

బోరుకు 3 హెచ్‌పీ మోటరు కోసం గుంజిన సన్న కేబులు మీద 7.5 హెచ్‌పీ మోటరు నడుపుతమా? కేబులు కాల్తదని చిన్న పోరన్ని అడిగినా చెప్తడు. కారు వైరు కూడ గంతే. వాట్లను వోల్టులతోని భాగిస్తే ఆంపియర్లు. 60 వాట్ల బల్బుకు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు, రెండు బల్బులకు 10. వంద వాట్లయితే రెండింటికి కలిపి 16 దాటుతది. ఆ కరెంటు మొత్తం స్టీరింగ్ కాడి గోరంత స్విచ్ ల నుంచి పోవాలె. అది కాలకపోతేనే ఆశ్చర్యం.

మరి దీనికి మందేంది? స్టార్టర్ డబ్బా! పచ్చ బటన్ మోటరు కరెంటును మోస్తదా? లేదు. బటన్ జరంత కరెంటుతోని లోపల కాంటాక్టర్ ను గుంజుతది, పెద్ద కరెంటు కాంటాక్టర్ల నుంచి పోతది. కార్ల గా పని చేసేదాన్నే రిలే అంటరు. బ్యాటరీ నుంచి లావు వైరు, నడుమ ఫ్యూజు, రిలే, అక్కడ్నుంచి బల్బు. పాత స్విచ్ రిలేకు సైగ మాత్రమే చేస్తది. ముప్పై ఏండ్ల సంది స్టార్టర్లు నేనే విప్పుతున్న, నేనే బిగిస్తున్న. కారు బానెట్ లేపంగనే ఆ తెలివి ఎటు పోయిందో!

ఇంకో ముచ్చట. తర్వాత మీటరు పెట్టి చూసిన. పాత వైర్లు, తుప్పు పట్టిన ఎర్తింగు వల్ల బల్బు కాడికి పదిన్నర వోల్టులే వస్తున్నయ్. లో వోల్టేజీల మోటరు మూలిగినట్టే బల్బు మూలుగుతున్నది. వోల్టు కొంచెం తగ్గినా వెలుగు మస్తు పడిపోతది. ఎర్తింగు గీకి, రిలే పెట్టి, అదే కంపెనీ 60/55 బల్బు మళ్ల ఏసిన. రోడ్డు మంచిగ కనవడ్తున్నది. వంద వాట్లు అవసరమే లేకుండె.

ఇప్పుడు చెప్పుండ్రి, చాయ్ హోటల్ పెద్దమనుషులారా. "ముట్టుకోకు" అన్నది నాకు ఏం నేర్పిచ్చేది? మనం ముట్టుకోకుండ ఉన్నదెప్పుడు? కట్టె గిల్లల బండికి లారీ టైర్లెక్కించింది ఏ ఇంజనీరు? దేశమంత తిరిగి డ్యాములకు, కాలువలకు మట్టి మోసిన పాలమూరోళ్ల బిడ్డలం, చేతుల మీద నమ్మకం లేదంటే ఎట్ల? మన పాత నల్లగొండ జిల్లానే, ఆలేరు దిక్కు శారాజిపేట చింతకింది మల్లేశం గారిని చూడుండ్రి. ఆరో తరగతితోని బడి ఆపిన మనిషి. అమ్మ లక్ష్మికి ఆసు పోసి పోసి భుజాలు పోతున్నయని 1992ల మొదలువెట్టి, 1999ల ఆసు యంత్రం నిలబెట్టిండు. 2017ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. నడుమ ఏడేండ్లు ఉన్నయి గదా, ఆ ఏడేండ్లల్ల ఎన్నిసార్లు చెడిపోయి ఉంటదో, ఎంతమంది నవ్వి ఉంటరో! గుజరాత్ ల అమ్రేలి జిల్లా రైతు మన్సుఖ్‌భాయ్ జగాని బుల్లెట్ బండి ఎనుక గిల్ల తీసి దుక్కి సామాను తగిలిచ్చి చేను దున్నిండు. మనసొంటోళ్లే.

కానీ మీరు ఒకటి గమనించాలె. ఆసు యంత్రం ఇంట్ల తిరుగుతది. బుల్లెట్ నాగలి చేన్ల తిరుగుతది. కారు రోడ్డు మీద తిరుగుతది, ఎదురుంగ ఇంకొకని పెండ్లాం పిల్లలు వస్తుంటరు. అందుకే చట్టమున్నది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ లెక్కలకు భిన్నంగ బండి మార్చొద్దు. 2019 జనవరిల సుప్రీంకోర్టు గూడ అదే చెప్పింది. అదే ఏడు సవరణల 182ఎ సెక్షన్ పెట్టిండ్రు, ఒప్పుకోని మార్పు ఒక్కోదానికి 5 వేల జుర్మానా, లేకపోతే ఆరు నెలల దాక జైలు, రెండూ వెయ్యొచ్చు గూడ. నాకు ఈ చట్టం మీద లొల్లి ఉన్నది. సైలెన్సర్ పీకి ఊరంత చెవులు పగలగొట్టేటోడు, బాట బాగలేక బండి రెండంగుళాలు లేపుకున్నోడు చట్టం ముందల ఒక్కటేనా? పోనీ, చేయకముందే "ఇది చేయొచ్చా సార్" అని అడుగనీకి మనకు దగ్గర్ల ఎవలున్నరు? దేవరకొండోడు ఎవల్ని అడగాలె, అచ్చంపేటోడు ఎవల్ని అడగాలె? జుర్మానా రాసే పుస్తకం ఉన్నది, జవాబు చెప్పే మనిషి లేడు. ఐటీఐలు ఉన్నయి, మీటర్లు, మిషన్లు ఉన్నయి, ఆదివారం తాళమేసి ఉంటయి. నెలకొక్క ఆదివారం తాళం తీసి, ఒక సారును కూసోబెడితే సర్కారు సొమ్ము ఏం పోతది? మన సర్పంచులు, ఎమ్మెల్యేలు ఊళ్లెకొచ్చినప్పుడు సీసీ రోడ్డుతోపాటు ఇది గూడ అడుగుండ్రి.

సర్కారును తిట్టుడు అల్కగనే ఉంటది. ఇప్పుడు మన సంగతి చూద్దాం. మారుతి 800 ల బల్బు మార్చిన నన్ను నవ్వినోళ్లు, సొంత ట్రాక్టర్ల కేమేసిండ్రు? దమ్ము చక్రాలతోని తారు రోడ్డెక్కి గాట్లు పెడ్తరు. ఎదుటోని కండ్లు బైర్లు కమ్మేటట్టు ముందల తెల్ల ఎల్ఈడీలు, పాటల డబ్బాలు, రంగుల కుచ్చులు. ఎనుక ట్రాలీకి ఎర్ర స్టిక్కర్ ఉండదు. ముందర సింగారానికి ఐదు వేలు, ఎనుక ప్రాణానికి యాభై రూపాయలు లెవ్వు!

కూలోళ్లను ట్రాలీల నింపుడు ఏంది మరి? సరుకు బండిని మనుషుల బండి చేసుడు కంటే పెద్ద మార్పేమున్నది? 2018 ఏప్రిల్ 6న పెద్దఅడిశర్లపల్లి మండలం వద్దిపట్ల కాడ మిరప కూలోళ్ల ట్రాక్టర్ కాలువల పడ్డది, 9 మంది పోయిండ్రు. అదే ఏడు జూన్ 24న వలిగొండ మండలం లక్ష్మాపురం కాడ మూసీ కాలువల ఇంకోటి, 15 మంది. ఎక్కువ ఆడోళ్లే. ఆ రెండు ఊర్లు మనకు ఎంత దూరమని? డ్రైవర్ల మీద నేను మాట్లాడ, అది వేరే సంగతి. కానీ ట్రాలీకి సీటుండదు, పట్టుకోనీకి కడ్డీ ఉండదు, బోర్లపడ్తే బయటపడే దారి ఉండదు. ఏండ్లు గడిచినయ్, ఇప్పటికీ నాట్లకు గట్లనే తీస్కపోతున్నం. మా చేనుకు గూడ గట్లనే వచ్చిండ్రు, నేను ఒద్దనలేదు. ఈసారి ఆటో కిరాయి నేనే పెట్టుకుంట.

సొంతంగ చేసుకోవాలనుకునే తమ్ముళ్లకు నా పద్ధతి చెప్త, నచ్చితే పట్టుకోండ్రి. రేకులు, సీటు కవర్లు, రిలే, ఎర్తింగు, హారన్, ఇవి మన చేతి పనులే, బ్యాటరీ తీగ ముందు పీకి చేయాలె. బ్రేకు, స్టీరింగు, పెట్రోలు పైపు జోలికి పోవద్దు. ఆమ్నీ బండ్లల్ల ఇంటి గ్యాసు సిలిండర్ పెట్టి నడిపేటోళ్లుండ్రి, వాళ్లతోని నాకు వాదనే లేదు, ఆ బండి నా ఇంటిముందర ఆపొద్దు, గంతే. గ్యాసు కావాల్నంటే ఒప్పుకున్న కిట్టు పెట్టిచ్చి ఆర్సీల రాయించుకోండ్రి. రేపు ఏమన్నయితే ఇన్సూరెన్సోడు మొదట అడిగేది ఆర్సీనే.

ఇగ పనికొచ్చే ముచ్చట. ట్రాలీ ఎనుక అంటించే ఎర్ర రిఫ్లెక్టర్ టేపు రెండు కట్టలు తెచ్చిన. ఐతారం పొద్దుగాల ఏడింటికి మా బాయికాడ ఉంట. ట్రాలీలు ఉన్నోళ్లు పట్టుకొని రాండ్రి, వచ్చేముందు ఎనుక రేకు కడిగి తెండ్రి, మట్టి మీద టేపు అంటదు. హెడ్ లైట్లు గుడ్డిగున్నోళ్లు గూడ రాండ్రి, మీటరు నా కాడ ఉన్నది. చాయ్ ఇంటామె పెడ్తనన్నది, పాలు మాత్రం ఎవలన్న ఒకలు తెండ్రి, మా బర్రె వట్టిపోయింది.