ట్యాంకర్‌ని ప్రేమించిన రాక్షసి

పెట్రోల్ ట్యాంకర్‌ని చూసి ఎవరైనా మనసు పారేసుకుంటారా? ఓ సముద్ర రాక్షసి పారేసుకుంది. ముచ్చటపడి మీద పడింది. ట్యాంకర్ ఢామ్మని పేలింది. ఒళ్లు కాలింది, మనసూ విరిగింది. వన్‌సైడ్ లవ్‌లో ఇంత ఘోరమైన బ్రేకప్ మీరెక్కడా చదివి ఉండరు!

ఈ వారం పుస్తకం ‘ది లస్ట్ లిజార్డ్ ఆఫ్ మెలాంకలీ కోవ్’. అమెరికన్ రచయిత క్రిస్టఫర్ మూర్ 1999లో రాశాడు. కథంతా పైన్ కోవ్‌లో జరుగుతుంది. కాలిఫోర్నియా తీరంలో ఉన్నట్టు మూర్ కల్పించిన చిన్న ఊరది. 1992లో వచ్చిన తన మొదటి నవల ‘ప్రాక్టికల్ డెమన్‌కీపింగ్’లో ఇదే ఊరి మీదకి మనుషుల్ని తినే భూతాన్ని వదిలాడు. ఈసారి వంతు సముద్రంలోని బల్లిది. అణువిద్యుత్ కేంద్రంలో లీకేజీ దాని నిద్ర చెడగొట్టింది.

అసలు గొడవ మాత్రం ఊళ్లోనే మొదలైంది. ఒకావిడ ఉరికి వేలాడుతూ కనిపిస్తుంది. మనుషులతో సరిగ్గా మాట్లాడకుండా మందులు రాసేస్తున్నానని సైకియాట్రిస్ట్ వాల్‌కి గిల్టీ ఫీలింగ్ పట్టుకుంటుంది. ఫార్మసిస్ట్‌ని బెదిరించి, తన పేషెంట్ల డిప్రెషన్ మాత్రల స్థానంలో ఉత్తుత్తి మాత్రలు ఇప్పిస్తుంది. వాళ్లకి చెప్పదు. దిగులు ముదిరిన జనం బార్ బాట పడతారు. ఇంతలో రాక్షసి ఒంటి వాసన ఊరిని తాకుతుంది. అంతే, ఏడవాల్సిన వాళ్లంతా రొమాన్స్ మూడ్‌లోకి వెళ్లిపోతారు! ఇదంతా తేల్చాల్సిన కానిస్టేబుల్ థియో గంజాయి మత్తు వదిలించుకోలేని మనిషి.

నాకు బాగా నచ్చింది మాత్రం మాలీ. ఒకప్పుడు చిన్న బడ్జెట్ సినిమాల్లో కత్తి పట్టిన హీరోయిన్. ఇప్పుడు ట్రైలర్ ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. ఆమె బుర్రలో ఓ గొంతు ఎప్పుడూ కామెంటరీ చెబుతుంటుంది. ఊరి దృష్టిలో ఆమె ‘పిచ్చిది’. పక్కనున్న ట్రైలర్ నిజానికి ట్రైలర్ కాదని, వేషం మార్చిన రాక్షసి అని కనిపెట్టేది ఆమే. దానికి ‘స్టీవ్’ అని పేరు పెట్టి, కాలిన గాయాలకి సేవ చేసేదీ ఆమే.

చిన్న ఊళ్లో అందరికీ అందరి గురించీ తెలుసంటారు. తెలిసేది ఎవరెవరితో తిరుగుతున్నారు, ఎవరెంత తాగుతున్నారు అన్నదే. పక్కింటి మనిషి రాత్రుళ్లు ఎందుకు నిద్రపోవట్లేదో ఎవరూ అడగరు. పైగా ఒకసారి ‘పిచ్చి’ అని ముద్ర పడితే ఆ మనిషి ఎంత నిజం చెప్పినా నవ్వులాటే. నవలలో నన్ను భయపెట్టింది ఇదే. బల్లి దీని తర్వాతే.

ఒక కంప్లయింట్ ఉంది. మాత్రలు మార్చేయడాన్ని మూర్ జోకుగా లాగించేశాడు. బయట అది జోకు కాదు. డిప్రెషన్ మందులు ఉన్నట్టుండి ఆపేస్తే తలతిరగడం, నిద్ర పట్టకపోవడం, దిగులు తిరగబెట్టడం జరగొచ్చు. మీరో, మీ ఫ్రెండో వాడుతుంటే డాక్టర్‌ని అడక్కుండా మానొద్దు. నవల చదివి అస్సలు మానొద్దు!

శృంగారం, బూతులు దండిగా ఉన్నాయి కాబట్టి పెద్దవాళ్లకే ఈ పుస్తకం. ఇంగ్లిష్ మరీ కష్టంగా ఉండదు. చివర్లో స్టీవ్ ఏమైందో నేను చెప్పను. కానీ మాలీ కోసం చదవండి. చదివాక, చాలా రోజులుగా గ్రూప్‌లో సైలెంట్‌గా ఉన్న ఫ్రెండ్‌కి ఒక్క కాల్ చేయండి.