దివాలా తర్వాత తొలి అప్పు ఎవరి దగ్గర?

అప్పుల భారం మోయలేని వ్యక్తి కోర్టుకెక్కి దివాలా ప్రకటించుకోవడం అమెరికాలో చట్టం ఇచ్చిన వెసులుబాటే తప్ప నేరం కాదు. అయితే కోర్టు రద్దు చేయగలిగేది పాత బాకీలనే గానీ, వాటితోపాటు పోయిన పరపతిని తిరిగి తెచ్చిపెట్టడం దాని చేతిలో లేదు. తెలుగునాట జనం ‘ఐపీ పెట్టడం’ అని చెప్పుకునే ఈ పనికి అక్కడి వ్యక్తులు ప్రధానంగా దివాలా స్మృతిలోని రెండు అధ్యాయాలను ఆశ్రయిస్తారు. ఏడో అధ్యాయం కింద చట్టం మినహాయించని ఆస్తి ఏదైనా ఉంటే దాన్ని అమ్మి రుణదాతలకు పంచి, మిగిలిన బాకీల్లో చాలావాటిని కొన్ని నెలల్లోనే కొట్టివేస్తారు. పదమూడో అధ్యాయం కింద నిలకడైన ఆదాయం ఉన్నవారు 3 నుంచి 5 ఏళ్లపాటు కోర్టు ఆమోదించిన వాయిదాలు కట్టాక మిగిలినది రద్దవుతుంది. ఇలా రద్దు చేస్తూ ఇచ్చే ఉత్తర్వునే డిశ్చార్జి అంటారు. దరఖాస్తుకు పౌరసత్వం అక్కర్లేదు, అక్కడ నివాసమో వ్యాపారమో ఆస్తో ఉంటే చాలు కనుక, వీసా మీద పనిచేస్తూ ఉద్యోగం పోయో ఆసుపత్రి బిల్లులు మీదపడో చితికిపోయిన తెలుగు కుటుంబాలకు కూడా ఈ దారి మూసి లేదు.

దివాలా తీసిన వైనం మాత్రం క్రెడిట్ రిపోర్టులో, అంటే వ్యక్తి అప్పుల చరిత్రను ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు సంస్థలు నమోదు చేసే చిట్టాలో, ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. 1970 నాటి చట్టం ప్రకారం దరఖాస్తు చేసిన తేదీ నుంచి 10 ఏళ్ల వరకూ దాన్ని చూపవచ్చు; పదమూడో అధ్యాయం కేసులను ఆ సంస్థలు సాధారణంగా 7 ఏళ్లకే తొలగిస్తాయి. దివాలా తీశాడన్న కారణంతో ప్రభుత్వం లైసెన్సు నిరాకరించకూడదనీ, యజమాని ఉద్యోగంలోంచి తీసేయకూడదనీ స్మృతి చెప్పింది గానీ, ప్రైవేటు రుణదాత అప్పు నిరాకరించకూడదని చెప్పలేదు.

అయినా డిశ్చార్జి అయిన మనిషికి అప్పు పుట్టదనుకోవడం పొరపాటు. ఉత్తర్వు వచ్చిన కొద్ది వారాలకే కారు రుణాలవాళ్లూ, భారీ వార్షిక రుసుముల కార్డులవాళ్లూ ఉత్తరాల మీద ఉత్తరాలు పంపడం మామూలే. వారి లెక్క సులువుగానే అర్థమవుతుంది: పాత బాకీల్లో చాలావరకు పోవడంతో అతని జీతం ఖాళీగా ఉంటుంది, పైగా ఏడో అధ్యాయం కింద ఒకసారి డిశ్చార్జి పొందినవాడు అదే అధ్యాయం కింద మళ్లీ దాన్ని పొందాలంటే 8 ఏళ్లు ఆగాలి. రుణదాతకు ఇంతకంటే భద్రమైన ఖాతాదారు ఎక్కడ దొరుకుతాడు? కాబట్టి ఆలోచించవలసింది అప్పు దొరుకుతుందా లేదా అన్నది కాదు, తొలి అప్పు ఎవరి దగ్గర చేయాలన్నది. దానికి ఉన్న జవాబుల్లో మెరుగైనది క్రెడిట్ యూనియన్ అన్నది ఈ శీర్షిక అభిప్రాయం, కొన్ని షరతులతో.

క్రెడిట్ యూనియన్ అంటే సభ్యులే యజమానులుగా ఉండే పొదుపు, రుణ సహకార సంఘం. ఒకే ఊరివారో, ఒకే సంస్థ ఉద్యోగులో, ఒకే వృత్తివారో కొద్దిపాటి షేరు సొమ్ము కట్టి సభ్యులవుతారు. ఎంత డిపాజిట్ ఉన్నా ఒక్కొక్కరికి ఒకే ఓటు ఉంటుంది, మిగులు బయటి వాటాదారులకు పోదు. అమెరికాలో మొదటిది 1908లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని మాంచెస్టర్‌లో, కెనడాకు చెందిన అల్ఫాన్స్ డెజార్డాన్ సాయంతో, ఫ్రెంచి మాట్లాడే కార్మికుల కోసం మొదలైంది. ఆ ఉద్యమానికి అండగా నిలిచిన బోస్టన్ వర్తకుడు ఎడ్వర్డ్ ఫైలీన్‌కు సహకార పరపతి మీద ఆసక్తి కలిగింది 1907లో భారతదేశంలో పర్యటించినప్పుడు, 1904 చట్టం కింద పల్లెల్లో అప్పుడప్పుడే తలెత్తుతున్న పరపతి సంఘాలను చూసినప్పుడు. ములుకనూరు సహకార సంఘం పేరు విని పెరిగిన తెలుగువాడు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో క్రెడిట్ యూనియన్ ముందు నుంచి దాన్ని పట్టించుకోకుండా వెళ్లిపోవడం ఈ చరిత్ర తెలిస్తే కాస్త విడ్డూరంగానే తోస్తుంది. రూజ్‌వెల్ట్ సంతకంతో 1934లో ఫెడరల్ చట్టం వచ్చింది; ఫెడరల్ యూనియన్లు తమ రుణాలపై వసూలు చేయగల వార్షిక వడ్డీకి చట్టం 15 శాతం పరిమితి పెట్టగా, నియంత్రణ సంస్థ 1987 నుంచి దాన్ని 18 శాతం దగ్గర ఉంచుతూ వస్తోంది. దెబ్బతిన్నవాడి అవసరాన్ని సొమ్ము చేసుకునే బజారులో ఈ పరిమితి చిన్న రక్షణేమీ కాదు. అత్యవసరానికి తీసుకునే చిన్న రుణాలకు మాత్రం 28 శాతం దాకా అనుమతి ఉంది. అదే అవసరానికి వీధి దుకాణంలో రెండు వారాలకు నూటికి 15 డాలర్ల చొప్పున తీసుకునే జీతపు అప్పు ఏడాది లెక్కన 390 శాతం దాటుతుంది.

పరపతి తిరిగి కట్టుకోవడానికి ఇక్కడ దొరికే ముఖ్యమైన సాధనం క్రెడిట్ బిల్డర్ రుణం. మామూలు అప్పులో డబ్బు ముందు చేతికి వస్తుంది, వాయిదాలు తర్వాత కడతారు. ఇందులో ఆ వరస తిరగబడుతుంది. ఉదాహరణకు 600 డాలర్లు 12 నెలలకు 6 శాతం వడ్డీతో మంజూరైతే, యూనియన్ ఆ సొమ్మును సభ్యుడి పేరనే ఒక పొదుపు ఖాతాలో వేసి తాళం వేస్తుంది; అతను నెలకు 51 డాలర్ల 64 సెంట్ల చొప్పున కట్టుకుంటూ పోతే ఏడాది చివర 600 డాలర్లు అతని చేతికొస్తాయి. అతనికి అయిన ఖర్చు 20 డాలర్ల లోపు వడ్డీ, దక్కింది రిపోర్టులో వరసగా పన్నెండు సకాల చెల్లింపుల నమోదు, దాంతోపాటు కాస్త పొదుపు. రిపోర్టు ఆధారంగా పరపతికి వేసే మార్కుల్లో ఎక్కువగా వాడే ఫైకో స్కోరులో చెల్లింపుల చరిత్రకే 35 శాతం బరువు ఉన్నందువల్ల ఈ పన్నెండు గీతలకు విలువ ఉంది. తన డిపాజిట్‌నే తాకట్టుపెట్టి తీసుకునే షేర్ సెక్యూర్డ్ రుణం కూడా ఈ కోవలోదే.

డిపాజిట్ మీద ఇచ్చే సెక్యూర్డ్ కార్డు దగ్గర మాత్రం చాలామంది తప్పులో కాలేస్తారు. పరిమితిలో ఎంత భాగం వాడారన్నది స్కోరులో మరో 30 శాతం బరువున్న ‘బాకీల మొత్తం’లో కీలకం. 300 డాలర్ల కార్డు మీద 250 డాలర్ల కిరాణా సరుకులు కొని, గడువులోగా పైసా మిగల్చకుండా కట్టినా, సాధారణంగా బిల్లు తయారైన రోజున ఉన్న మొత్తమే క్రెడిట్ రిపోర్టు సంస్థలకు చేరుతుంది గనుక అప్పటికి ఆ మనిషి పరిమితి అంచుదాకా వాడేసిన వాడిలాగే కనబడతాడు. బిల్లు తేదీకి ముందే చాలాభాగం కట్టేయడం దీనికి విరుగుడు.

ఇక షరతుల సంగతి. యూనియన్‌కు సభ్యుడితో ఉండే దగ్గరతనం మేలు చేసినట్టే దెబ్బ కూడా తీయగలదు. పొదుపు, కారు రుణం, కార్డు మూడూ ఒకేచోట ఉన్నప్పుడు, కారు మీద పెట్టిన తాకట్టు కార్డు బాకీకీ వర్తిస్తుందని ఒప్పందంలో ఎక్కడో చిన్న అక్షరాల్లో రాసి ఉండవచ్చు. దీన్ని క్రాస్ కొలేటరల్ అంటారు. ఆ షరతు ఉన్నచోట కారు బాకీ పూర్తిగా తీరినా దాని పత్రాలు చేతికి రాకపోవచ్చు. అలాగే దివాలా దరఖాస్తు పడేనాటికి అక్కడే బాకీ ఉంటే, ఆ మేరకు ఖాతాలోని సొమ్మును తాత్కాలికంగా నిలిపివేయవచ్చు. ఒక బ్యాంకు చేసిన ఇలాంటి పని, దరఖాస్తు పడగానే వసూళ్లను ఆపే దివాలా స్తంభనను ఉల్లంఘించినట్టు కాదని 1995లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. రద్దు కావలసిన బాకీని తిరిగి కడతానని కోర్టు ముందు రాసిచ్చే రీఅఫర్మేషన్ పత్రాన్ని కూడా యూనియన్లు అడుగుతుంటాయి; సంతకం చేసినవారు డిశ్చార్జి లోపు గానీ, పత్రం దాఖలైన 60 రోజుల్లోగా గానీ, ఏది ఆలస్యమైతే అప్పటిదాకా, దాన్ని రద్దు చేసుకోవచ్చు. తమకు నష్టం తెచ్చిన సభ్యుడికి మళ్లీ రుణం ఇవ్వకూడదన్న నియమం చాలా యూనియన్లలో ఉంటుంది. అది చట్టవిరుద్ధం కాదు, అన్యాయమనీ చెప్పలేం, ఎందుకంటే ఆ నష్టం భరించినది తోటి సభ్యులే. కనుక దివాలాలో బాకీ ఎగ్గొట్టిన యూనియన్‌ను వదిలి, అర్హత ఉన్న మరో యూనియన్‌లో కొత్తగా చేరడం మంచిది.

కొత్త అప్పు చేసేముందు పాత చిట్టాను సరిచూసుకోవడం ఎవరూ చెప్పని పని, అన్నిటికంటే చవకైన పని కూడా. రద్దయిన ప్రతి బాకీ దగ్గర నిల్వ సున్నా ఉండాలి, దివాలాలో డిశ్చార్జి అయినట్టు రాసి ఉండాలి. ఇంకా బాకీ ఉన్నట్టు కనిపిస్తే సంబంధిత సంస్థకు రాతపూర్వకంగా అభ్యంతరం పంపవచ్చు, వారు సాధారణంగా 30 రోజుల్లో విచారించాలి. మూడు రిపోర్టులనూ వారానికోసారి ఉచితంగా చూసుకునే వీలుంది. ఈ మాత్రం పనికి వందల డాలర్లు ముందే పుచ్చుకుని ‘దివాలా మచ్చ చెరిపేస్తాం’ అనే సంస్థలను నమ్మరాదు. పని పూర్తికాక ముందే రుసుము తీసుకోవడాన్ని 1996 చట్టం నిషేధించింది, నిజమైన నమోదును గడువుకు ముందే చెరిపే శక్తి వారికి లేదు.

ఈ దారి నిదానమైనది. ఏడో అధ్యాయం డిశ్చార్జి తర్వాత ప్రభుత్వ హామీ ఉన్న ఎఫ్‌హెచ్ఏ గృహరుణానికి సాధారణంగా 2 ఏళ్లు, ఫానీ మే అనే సంస్థ రుణదాతల నుంచి కొనే గృహరుణానికి 4 ఏళ్లు ఆగాలి. ఆ వ్యవధిని ఖాళీగా గడిపినవారి కంటే చిన్న రుణం ఒకటి సక్రమంగా తీర్చినవారి దరఖాస్తుకు బలం ఎక్కువ. యూనియన్‌లో చేరదలచినవారు సంతకానికి ముందు ఒక్క విషయం రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి: ఈ రుణం మీద కట్టే వాయిదాలను మూడు సంస్థలకూ పంపుతారా? కొన్ని యూనియన్లు ఒకటి రెండింటికే పంపుతాయి. అక్కడ ఎంత క్రమంగా కట్టినా, గృహరుణం ఇచ్చేవాడు తెరిచిన రిపోర్టు మూడోదైతే అందులో ఆ చెల్లింపుల ఊసే ఉండదు.