చీకటి పడ్డాక బోటు కదలకూడదు

విజయవాడకు సముద్రం లేదు, ఉన్నదల్లా కృష్ణే. ఎండాకాలంలో రాత్రి ఎనిమిదైనా గోడలు సెగలు కక్కే ఊరది. నది మీద గాలి కోసం జనం ఘాట్ల మెట్ల మీద గంటల తరబడి కూర్చుంటారు. అలాంటి ఊరివాళ్లు ఒక సాయంత్రం నీళ్ల మధ్యకు వెళ్లి, ఒకవైపు ఇంద్రకీలాద్రి దీపాలు, మరోవైపు ప్రకాశం బ్యారేజీ వెలుగులు చూస్తూ నాలుగు మెతుకులు తినాలనుకుంటే తప్పేముంది? డిన్నర్ క్రూయిజ్ అనగానే డబ్బున్నవాళ్ల సరదా అని తీసిపారేసేవారితో మేం ఏకీభవించం. పిల్లాడి పుట్టినరోజుకూ, కూతురి సీమంతానికీ, ఉద్యోగ విరమణ విందుకూ బోటు మాట్లాడుకునేది ఎక్కువగా మధ్యతరగతి వాళ్లే. పర్యాటకాభివృద్ధి సంస్థ వారి బోధిసిరి బోటు పేరు ఈ ఊళ్లో చాలా ఇళ్లకు తెలుసు. అమరావతి పనులు మళ్లీ ఊపందుకున్నాక నదీ తీరం మీద ఆశలు ఇంకా పెరిగాయి.

ఇవన్నీ ఒప్పుకుంటూనే మా మాట చెబుతున్నాం. రాత్రి విందు బోట్లకు విడిగా నిబంధనలు రావాలి. వాటిని అమలు చేసే అధికారి టికెట్లు అమ్మే శాఖకు బయటివాడై ఉండాలి. ఈ రెండూ జరిగేదాకా సూర్యాస్తమయం తర్వాత కృష్ణలో ఒక్క విందు బోటు కూడా రేవు వదలకూడదు. ప్రైవేటుదైనా సరే, ప్రభుత్వానిదైనా సరే.

2017 నవంబరు 12 కార్తీక మాసంలో చివరి ఆదివారం. సాయంత్రం హారతి చూడడానికి పవిత్ర సంగమం వైపు బయల్దేరిన బోటు ఫెర్రీ ఘాట్ దగ్గర బోల్తా పడింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవారు. ఆ బోటుకు అనుమతి లేదని తర్వాత తేలింది. లైఫ్ జాకెట్లూ ఇవ్వలేదు. పట్టపగలు పది మంది కళ్ల ముందు ప్రయాణికులను ఎక్కించుకున్న బోటుకు అనుమతి లేదన్న సంగతి అది మునిగాక గానీ తెలియలేదు. రెండేళ్లు తిరక్కుండానే గోదావరిలో కచ్చులూరు. 2019 సెప్టెంబరు 15న, నదిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పారుతున్న రోజున, గండి పోచమ్మ గుడి దగ్గర నుంచి పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ మునిగింది. ఎక్కినవారు డెబ్బైకి పైనే, బతికి బయటపడింది ఇరవై ఆరుగురు. బోటును ధర్మాడి సత్యం బృందం ఒడ్డుకు లాగేసరికి అక్టోబరు 22 వచ్చింది.

ఈ రెండూ వెలుగున్నప్పుడు జరిగినవే. కచ్చులూరులో బతికినవారిని ముందుగా చేరుకున్నది ఏ బలగమూ కాదు, ఒడ్డున ఉన్న గిరిజనుల నాటు పడవలు. కళ్ల ముందు బోటు మునుగుతుంటే చూసి పరుగెత్తారు కాబట్టే ఆ మాత్రం ప్రాణాలు దక్కాయి. రాత్రి తొమ్మిదింటికి నది మధ్యలో బోటు ఒరిగితే చూసేదెవరు? గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ ఉంది, మంచి దళమే. ఫోను అందుకుని, బండ్లెక్కి, విజయవాడ ట్రాఫిక్ దాటి, ఘాట్‌లో రబ్బరు పడవ దించేసరికి నీళ్లలో పడ్డవాడి గడువు ఎప్పుడో తీరిపోతుంది. 2019 మేలో బుడాపెస్ట్‌లో రాత్రి వానలో కొరియా యాత్రికులతో తిరుగుతున్న చిన్న బోటును పెద్ద క్రూయిజ్ నౌక వెనకనుంచి ఢీకొంది. క్షణాల్లోనే చిన్న బోటు డాన్యూబ్ నది అడుగుకు చేరింది. నగరం నడిబొడ్డున, పార్లమెంటు భవనానికి కూతవేటు దూరంలో జరిగినా పాతిక మందికి పైగా పోయారు.

పగటి బోటుకూ విందు బోటుకూ తేడా చీకటి ఒక్కటే అనుకుంటే పొరపాటు. అసలు చిక్కు భోజనంలోనే ఉంది. లైఫ్ జాకెట్ వేసుకుని గుత్తివంకాయ కూరతో అన్నం కలుపుకునేవాళ్లను ఎవరైనా చూశారా? పెళ్లిరోజు ఫొటోలో ఆ నారింజ రంగు ఎవరికి కావాలి? ఎక్కేటప్పుడు తొడిగించినా పళ్లెం చేతికి రాగానే అది కుర్చీ కిందికి పోతుంది, లేదా ఒక మూల గుట్టగా పడుంటుంది. అంటే మన బోటు నిబంధనల్లో మొదటిదీ ముఖ్యమైనదీ అయిన రక్షణ విందు బోటులో వడ్డన మొదలైన నిమిషానికే ఊడిపోతుంది. ఇది ప్రయాణికుల క్రమశిక్షణ లోపం కాదు. ఆ వ్యాపారం తీరే అది. కాబట్టి జాకెట్ లేకపోయినా మనిషి బతికేలా బోటునే కట్టాలి.

అలా కట్టిన బోట్లు మనకెన్ని ఉన్నాయి? కింది అంతస్తులో ఏసీ పెట్టి, తెరుచుకోని అద్దాలు బిగించి, ఒక్కటే తలుపు ఉంచితే భోజనశాల బాగానే కనిపిస్తుంది. బోటు ఒరిగితే అదే బోను. పై అంతస్తులో బఫే బల్లలు, స్పీకర్లు, డ్యాన్సు చోటు పెట్టి, కొండమీద గుడి కనిపించగానే అందరూ సెల్ఫీల కోసం ఒకే పక్కకు చేరితే బరువంతా పైన, అదీ ఓ అంచున. రెండంతస్తుల బోటుకు ఇంతకన్నా చెడ్డ స్థితి లేదు. 2009 సెప్టెంబరు 30న తేక్కడిలో జలకన్యక బోల్తా పడి 45 మంది పోయినప్పుడు ఇలాగే జనం జంతువులను చూడడానికి ఒక పక్కకు ఒరిగారు. అది కేరళ ప్రభుత్వ పర్యాటక సంస్థ వారి బోటు, అదీ కొత్తది. సర్కారు బోటు కాబట్టి భయం లేదనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 2023 మే 7న అదే కేరళలోని తానూరులో 22 మందిని పొట్టన పెట్టుకున్నది చేపల పడవను మార్చి కట్టిన రెండంతస్తుల విహార బోటు. అనుమతించిన వేళ దాటాక, చీకటి పడ్డాక బయల్దేరింది. మన రేవుల్లో పాత పంటుకు పైకప్పు వేసి, తోరణాలు కట్టి, రంగు దీపాలు చుట్టి విహార నౌక అని పేరు పెడితే ఎవరడ్డుకుంటారు?

సరంగు సంగతి ఎవరూ మాట్లాడరు. బోటులో దీపాలు ఎంత ధగధగలాడితే ఆయనకు ముందున్న నీళ్లు అంత నల్లగా కనిపిస్తాయి. ఆ నలుపులోనే రాత్రి వలలు వేసుకునే జాలర్లు ఉంటారు. వాళ్ల చిన్న పడవల మీద దీపం ఉండదు, ఉన్నా అది టార్చి మినుకే. పైన డీజే మోగుతుంటే కేక వేసినా సరంగుకు వినపడదు. పంఖాకు చుట్టుకున్న వలకు నష్టపరిహారం అడగడానికి జాలరికి ఏ కార్యాలయం తెలుసు? నదిని రాత్రిపూట వాడుకునే మొదటి హక్కు వాళ్లది. విందు బోటు దారి ఎక్కడో, ఏ వేళలోనో వాళ్లతో కూర్చుని గీయాలి. ఇంకొక్క మాట. బ్యారేజీ పైనున్న ఈ నీళ్లే నగరం తాగుతుంది, డెల్టా కాలువలకూ ఇవే వెళ్తాయి. విందు బోటు మరుగుదొడ్డి గొట్టం ఎక్కడికి పోతోందో అడిగే హక్కు ఒడ్డున ఉన్నవారికీ ఉంది.

చట్టం లేదా అంటే ఉంది. 1917 నాటి పాత చట్టాన్ని తీసేసి 2021లో అంతర్దేశీయ నౌకల చట్టం తెచ్చారు. సర్వే, రిజిస్ట్రేషన్, సిబ్బందికి అర్హత పత్రాలు, బీమా అన్నీ అందులో ఉన్నాయి, అమలు బాధ్యత రాష్ట్రాలది. కొరత కాగితంలో లేదు, రేవులో ఉంది. నీళ్లు జలవనరుల శాఖవి, ఘాట్ మరొకరిది, బోటు పర్యాటకానిది, పత్రాలు ఇంకో చోట, పోలీసులు వేరే. ప్రమాదం జరిగిన రోజున ప్రతి ఒక్కరూ పక్కవాడి వైపు వేలు చూపించడానికి ఇంతకన్నా వీలైన ఏర్పాటు ఉండదు. బోట్లు నడిపి ఆదాయం చూపించాల్సిన సంస్థే ఏ రోజు బోటు కదలొచ్చో లేదో కూడా తేలిస్తే అది మరీ చెడ్డది. శనివారం రాత్రి టికెట్లన్నీ అమ్ముడుపోయాక, ఈదురుగాలి మొదలైంది, ఆపేయండి అని చెప్పే ధైర్యం ఆ సంస్థ మేనేజరుకు ఎక్కడిది? చెప్పినా ఎన్నాళ్లుంటాడు ఆ కుర్చీలో? ఆపే అధికారం ఉన్నవాడి జీతానికీ టికెట్ డబ్బుకూ సంబంధం ఉండకూడదు.

ఇదంతా మనవల్ల కాదని అనలేం. ఏటా దసరా ముగింపు వేళ ఇదే నదిలో మనం చేసి చూపిస్తున్నాం. దుర్గామల్లేశ్వరులు హంస వాహనం మీద విహరించే తెప్పోత్సవానికి ముందు ట్రయల్ రన్ చేస్తారు. ఎంత బరువు మోస్తుందో లెక్క చూస్తారు, ఎవరెవరు ఎక్కాలో ముందే తేలుస్తారు. చుట్టూ ఈతగాళ్లు, పడవలు సిద్ధంగా ఉంటాయి. వరద ఎక్కువగా వచ్చిన ఏళ్లలో హంస వాహనం ఒడ్డు దాటలేదు. కట్టేసిన చోటే పూజలు జరిపించారు. భక్తులు నిరాశపడ్డారు కానీ ఎవరూ తప్పుపట్టలేదు. అమ్మవారి విషయంలో ఇంత జాగ్రత్త పడే యంత్రాంగం టికెట్ కొన్న మామూలు మనిషి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు సడలిపోతుంది? ఏడాదికి ఒక రాత్రి చేయగలిగిన పని ప్రతి రాత్రీ చేయగలమని నిరూపించాకే ప్రతి రాత్రీ బోటు నడపాలి.

వరద మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. ప్రకాశం బ్యారేజీ దగ్గర తొలి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు. అంత ప్రవాహం వచ్చేదాకా బోట్లు తిప్పవచ్చని దాని అర్థం కాదు. అందులో చిన్న వంతు వచ్చినా, గేట్లెత్తాక బ్యారేజీ వైపు నీటి లాగుడు మొదలవుతుంది. ఇంజను ఆగిన బోటు ఆ లాగుడులో ఎటు పోతుందో 2024 సెప్టెంబరు మొదట్లో ఊరంతా చూసింది. 11 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ వరదలో కట్లు తెంచుకున్న భారీ పడవలు వచ్చి గేట్ల కౌంటర్ వెయిట్లను గుద్దాయి. వాటిని బయటికి తీయడానికి చాలా రోజులు పట్టింది. అవి మనుషులు లేని పడవలు కాబట్టి కాంక్రీటు విరగడంతో పోయింది. విందు బోట్లకు ఎన్ని క్యూసెక్కుల దగ్గర సెలవో జలవనరుల శాఖ విడిగా ఒక అంకె ప్రకటించాలి, ఘాట్‌లో తెలుగులో రాసి పెట్టాలి.

ఇన్ని షరతులు పెడితే వ్యాపారం నడవదని బోటు యజమానులు అంటారు. వాళ్ల బాధ పూర్తిగా అబద్ధం కాదు. ప్రతి ప్రమాదం తర్వాత నెలల తరబడి బోట్లన్నీ ఆపేసి, మంచివాణ్నీ చెడ్డవాణ్నీ ఒకే గాట కట్టేసి, గొడవ సద్దుమణిగాక చప్పుడు లేకుండా వదిలేయడం మన ప్రభుత్వాలకు అలవాటు. నిబంధన స్పష్టంగా ఉంటే సరిగ్గా నడిపేవాడికే లాభం. మేం అడిగేవి ఇవి: రెండువైపులా తెరిచి ఉండే దారులు, కుర్చీ నుంచి చేయి చాచితే అందే జాకెట్లు, పిల్లలకు మాత్రం దిగేదాకా ఒంటి మీదే జాకెట్, ఒడ్డున వండి తెచ్చిన భోజనం తప్ప బోటులో గ్యాస్ పొయ్యి లేకపోవడం, మద్యం లేకపోవడం, వెంట నడిచే ఒక రక్షణ పడవ, ఎక్కినవారి పేర్ల జాబితా నకలు ఒడ్డున ఉండడం. వీటిలో చంద్రుడి మీద నుంచి తేవాల్సింది ఒక్కటీ లేదు. టికెట్ ధర పెరుగుతుంది, పెరగనివ్వండి. లండన్‌లో థేమ్స్ మీద పుట్టినరోజు విందు సాగుతున్న మార్షియోనెస్ బోటును 1989 ఆగస్టు 20 తెల్లవారుజామున ఇసుక తవ్వే నౌక ఢీకొని 51 మంది చనిపోయారు. ఆ తర్వాత ఆ నదికి నాలుగు లైఫ్‌బోటు స్టేషన్లు రావడానికి 2002 దాకా పట్టింది. అంత నిదానం మనకొద్దు. ఆ స్టేషన్లు కావాలి.

ఈలోగా సరదాకు పూర్తిగా తలుపులు మూయనక్కర్లేదు. వరద ఏళ్ల తెప్పోత్సవం తరహాలోనే బోటును జెట్టీకి కట్టేసి, ఇంజను ఆపి, మెట్లు దించి భోజనం పెట్టండి. గాలి అదే, గుడి దీపాలూ అవే. కట్టేసిన బోటుకూ బరువు లెక్క, తనిఖీ తప్పవనుకోండి. కదిలే బోటు అనుమతులు సిద్ధమయ్యేదాకా ఊరికి ఈ మాత్రం చాలు.

కార్తీకంలో ఆదివారాలు బోట్లకు ఎంత గిరాకీ ఉంటుందో కౌంటర్లో కూర్చునేవారికి బాగా తెలుసు. ఆ నెల మొదలయ్యేలోపే ప్రభుత్వ ఉత్తర్వు రావాలి. బోటును ఆపే అధికారి హోదా, ఆయన ఫోను నంబరు, ఆయన సంతకం లేకుండా కదిలిన బోటుకు పడే శిక్ష అందులో ఉండాలి. ఆ ఉత్తర్వు వచ్చేదాకా బెరం పార్కులోనూ పున్నమి ఘాట్‌లోనూ టికెట్ల అమ్మకం సూర్యాస్తమయానికి గంట ముందే ఆగిపోవాలి.