మా బండి మీద హాట్‌డాగ్ ఎందుకు లేదు?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఈ మూడు ఊళ్లల్లో ఏ ఫాస్ట్ ఫుడ్ సెంటర్ ముందు నిలబడి బోర్డు చదివినా వరస ఒకటే. వెజ్, ఎగ్, చికెన్ ఫ్రైడ్ రైస్, మళ్లీ అదే వరసలో నూడుల్స్, కింద మంచూరియా, చికెన్ 65. ఈ మధ్య షవర్మా, బర్గర్, మోమో కూడా చేరాయి. మందీ సంగతి చెప్పక్కర్లేదు. హాట్‌డాగ్ మాత్రం నాకు ఎక్కడా కనపడలేదు. మాది కోదాడ, మేనమామ వాళ్లది సూర్యాపేట, పిన్ని వాళ్లది మిర్యాలగూడ. కాబట్టి ఈ బండ్ల విషయంలో నాకు అనుభవం బాగానే ఉందని చెప్పుకోవచ్చు.

హాస్టల్లో ఈ టాపిక్ వస్తే మా హైదరాబాద్ ఫ్రెండ్ ఒకడు "మీ ఊర్లు ఇంకా అప్‌డేట్ కాలేదురా" అని ఒక్క మాటలో తేల్చేశాడు. ఇది రాయడానికి కారణం ఆ మాటే. అప్‌డేట్ కాని ఊరికి షవర్మా ఎట్లా వచ్చింది మరి? ఎక్కడి లెబనాన్, ఎక్కడి కోదాడ! గోబీ మంచూరియా మన తాతల వంటేం కాదు. చికెన్ మంచూరియాని 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ అనే వంటాయన మొదలుపెట్టాడని చెప్తారు, దాని వెనకే గోబీ వచ్చింది. కొత్త తిండి అంటే మావాళ్లకు భయం లేదు. కాబట్టి ప్రశ్న వేరే: అన్నీ వచ్చినప్పుడు ఇదొక్కటే ఎందుకు రాలేదు?

ముందు అమెరికా సంగతి చూద్దాం, ఎందుకంటే అక్కడ కూడా పెద్ద ఫాస్ట్ ఫుడ్ చెయిన్లల్లో హాట్‌డాగ్ తక్కువే. మెక్‌డొనాల్డ్స్‌ని పెద్దది చేసిన రే క్రాక్‌కి హాట్‌డాగ్ అంటే పడేది కాదు, ఆ తొడుగు లోపల ఏముందో ఎవరికి తెలుసు అని ఆయన అనుమానం. 2016లో బర్గర్ కింగ్ గ్రిల్డ్ డాగ్స్ అని పెట్టింది, ఎక్కువ కాలం నిలబడలేదు. అక్కడ హాట్‌డాగ్ ఉండే చోట్లు వేరు: బేస్‌బాల్ స్టేడియం, పెట్రోల్ బంకు, ఇంటి వెనక గ్రిల్లు. కాస్ట్‌కోలో అయితే 1985 నుంచి డాలర్న్నరే, అదీ కూల్ డ్రింక్‌తో కలిపి. అంత చవగ్గా దొరికేదాని మీద, ఇంట్లో ఐదు నిమిషాల్లో అయ్యేదాని మీద చెయిన్ వాడికి ఏం మిగులుతుంది? మన ఫాస్ట్ ఫుడ్ బండి మీద పెరుగన్నం ఎవరూ ఎందుకు అమ్మరో, ఇది కూడా అంతే.

మా దగ్గర కారణాలు ఇంకోరకం. అన్నిటికన్నా పెద్దది నమ్మకం. ఆదివారం పొద్దున చికెన్ సెంటర్ దగ్గర చూడండి. కోడిని చూపించి, తూకం వేసి, మన ముందే కొట్టి ఇస్తే తప్ప జనం తీసుకోరు. మటన్ షాపులో అయితే మా నాన్న ఏ ముక్క ఎక్కడిదో అడిగి మరీ కొట్టిస్తాడు. అట్లాంటి మనిషి చేతిలో సాసేజ్ పెట్టి తినమంటే ఎట్లా? ముక్క లేదు, బొక్క లేదు, ఏ భాగమో తెలీదు. రే క్రాక్ అనుమానమే మా నాన్నది కూడా, ఇద్దరూ మాట్లాడుకోలేదు అంతే. షవర్మా గెలిచింది ఇక్కడే. మాంసం రోడ్డు మీద కనపడేలా తిరుగుతుంటుంది, కత్తితో కోసి మన ముందే చుట్టిస్తారు.

రెండోది లెక్క. బండి అన్న పొద్దున ఒకేసారి చికెన్ తెచ్చి వేయించి పెట్టుకుంటాడు. అవే ముక్కలు రైస్‌లోకి, నూడుల్స్‌లోకి, మంచూరియాలోకి. ఒక్క ఫంక్షన్ రాసి పదిచోట్ల కాల్ చేసినట్టు. సాసేజ్, పొడుగు బన్ను అట్లా కాదు, హాట్‌డాగ్‌కి తప్ప దేనికీ పనికిరావు. అమ్ముడుపోకపోతే బన్ను మర్నాటికి గట్టిపడుతుంది. సాసేజ్‌ని మైనస్ 18 డిగ్రీల్లో ఉంచాలి, బయట మా ఎండ 45కి పోతుంది. మా బేకరీలు గుండ్రటి బన్ను చేస్తాయి, ఎగ్ పఫ్, కర్రీ పఫ్ చేస్తాయి. పొడుగు బన్ను కావాలంటే ప్రత్యేకంగా చెప్పాలి, పదిహేను బన్నుల కోసం ఎవరు చేస్తారు?

సూర్యాపేట, కోదాడ హైదరాబాద్–విజయవాడ హైవే మీద ఊళ్లు కదా, బస్సు ఆగిన పది నిమిషాల్లో నడుస్తూ తినేది ఉంటే పోదా అని మీరు అడగొచ్చు. ఆ సీటు ఎప్పుడో నిండిపోయింది. పేపర్లో చుట్టిన మిర్చి బజ్జీ, పునుగులు. వాటితో పోటీ పడి గెలవడం నాకైతే సాధ్యం అనిపించదు.

పేరు సంగతి కూడా ఉంది. మా నాయనమ్మకి చెప్తే "కుక్కనా?" అని అక్కడే ఆగిపోయింది. నిజానికి ఆ పేరు పుట్టిందే ఆ వెటకారంలోంచి. సాసేజ్‌లో కుక్క మాంసం కలుపుతారని అమెరికాలో పాత అనుమానం, దాని మీద 1890ల్లో కాలేజీ పిల్లలు జోకులేసేవాళ్లు. యేల్ యూనివర్సిటీ పిల్లల పత్రికలో 1895లోనే ఈ మాట కనిపిస్తుంది. (మన మ్యాగజైన్ వాళ్లు గమనించాలి, మనకీ అంత పవర్ ఉంది.) 2016లో మలేషియాలో హలాల్ సర్టిఫికెట్ కావాలంటే ఈ పేరు మార్చాల్సిందే అన్నారు. కానీ పేరొక్కటే అడ్డం అయితే ఎవరో ఒకరు వేరే పేరు పెట్టి అమ్మేసేవాళ్లే.

ఇక "మనవాళ్లు బీఫ్, పోర్క్ తినరు కదా, అందుకే రాలేదు" అనే మాట. ఇది నాకు అస్సలు మింగుడుపడదు. ఎవరా మనవాళ్లు? మా మూడు ఊళ్లల్లో రెండూ తినేవాళ్లు ఉన్నారు, ఎప్పట్నుంచో ఉన్నారు. అవి బోర్డు మీద ఉండవు, అంతే. కొన్ని ఊరి చివర్న దొరుకుతాయి, కొన్ని ఇంట్లోనే వండుకుంటారు, క్లాస్‌లో లంచ్ బాక్స్ తెరిచేటప్పుడు కొందరు మూత సగమే తీస్తారు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో బీఫ్ ఫెస్టివల్ పెడితే ఎంత గొడవైందో మనకు తెలుసు. మెనూ బోర్డు అంటే ఊర్లో తినేవాటి లిస్టు కాదు. ఊరంతా చూస్తుండగా తినగలిగేవాటి లిస్టు. మెక్‌డొనాల్డ్స్ 1996లో ఢిల్లీలో మొదటి షాపు తెరిచినప్పుడు బీఫ్, పోర్క్ రెండూ లేకుండానే తెరిచింది, వాళ్లకి ఈ లెక్క తొందరగా అర్థమైంది. అందుకే మా బోర్డు నిండా చికెనే. చికెన్ సాసేజ్ ఉందిగా అంటారా, ఉంది, అప్పుడు మళ్లీ నమ్మకం దగ్గరికే వస్తాం.

అట్లాగని "చూశావా, మావాళ్లు ఎంత జాగ్రత్తో" అని నేను కాలర్ ఎగరేయను. కోడిని కళ్లముందు కొట్టించే మనిషే, షవర్మాలో పోసిన మయోనీస్ ఎప్పుడు చేశారని అడగడు. పచ్చి గుడ్డు మయోనీస్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు నిషేధించాల్సి వచ్చింది. మంచూరియా అంత ఎర్రగా ఎందుకుందో, కడాయిలో నూనె ఎన్నో రోజుదో కూడా ఎవరం అడగం. మాంసం మీద పెట్టిన అనుమానంలో సగం ఆ నూనె మీద, సాస్ మీద పెడితే నేను ఎక్కువ సంతోషిస్తాను.

హాట్‌డాగ్ మా ఊరికి రావాలా అంటే నాకు పట్టింపు లేదు. వస్తే మాత్రం బన్నులో రాదు. చికెన్ సాసేజ్‌ని అడ్డంగా ముక్కలు కోసి, పెద్ద మంట మీద ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి ఎగరేసి, "సాసేజ్ ఫ్రై" అని బోర్డు కింద చాక్‌పీస్‌తో రాస్తారు. పైన నిమ్మకాయ ముక్క పిండితే మా నాన్న కూడా ఒక ముక్క తీసుకుంటాడేమో.