దూరమెంత? కాలమెంత?



“బెంగుళూరునుండి శాన్‌ఫ్రాన్సిస్కో యెంత దూరము? విమానములో నెన్ని గంటలు పట్టును?” అని కుమార్తెకు పురుడు పోయుటకై పయనమగు తల్లులు తఱచుగా నడుగుచుందురు. ప్రశ్న చిన్నదే. కాని దూరము వేఱు, దారి వేఱు, కాలము వేఱు, గడియారము వేఱు. ఈ నాల్గింటిని కలిపివేయుటచేతనే కలవరము గలుగుచున్నది.

మొదట దూరము. గోడకు వ్రేలాడు పటమును చూచినచో అమెరికాకు దారి తూర్పుననో పడమరనో యుండవలెనని తోచును. కాని భూమి గుండ్రనిది. గోళముపై నీ రెండు నగరముల నడుమ నొక దారమును బిగించి పట్టి చూడుడు. అది ఉత్తరధ్రువము వైపునకు బోయి దిగును. ఆ దారము కొలత సుమారు 14,000 కిలోమీటర్లు.

విమానమెల్లప్పుడు నా దారము వెంటనే పోదు. మిక్కిలి యెత్తున పడమటినుండి తూర్పునకు బలమైన గాలులు వీచుచుండును. అవి వెనుకనుండి వచ్చినచో ప్రయాణమునకు తోడ్పడును. ఎదురైనచో నాలస్యము గావించును. 2016లో ఎయిర్ ఇండియావారు తమ ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానమును అట్లాంటిక్ దారి మాని పసిఫిక్ సముద్రము మీదుగా నడిపిరి. దారి సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయ్యెను. కాలము మాత్రము రమారమి 2 గంటలు తగ్గి 14½ గంటలయ్యెను. ఏటి కెదురీదుటకన్న ప్రవాహము వెంట చుట్టుదారి పోవుటయే సులువు గదా!

ఇక గడియారము. 2021 జనవరి 9వ తేది రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కో విడిచిన యొక విమానము 11వ తేది తెల్లవారకమునుపే బెంగుళూరు చేరెను. ధ్రువప్రాంతము మీదుగా దానిని నడిపినవారందఱును స్త్రీలే: నాయకురాలు జోయా అగర్వాల్, ఆమెతో పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. తేదీలను చూచిన రెండు దినములని తోచును; నిజముగా గడచినవి 17 గంటల పైచిలుకు మాత్రమే. ఆ నగరపు గడియారము చలికాలమున మనకన్న 13½ గంటలు, వేసవిలో 12½ గంటలు వెనుక నుండుటయే యిందులకు కారణము.

టిక్కెట్టుపై నుండు వేళలు ఏ యూరి వేళ లాయూరివే. కావున రెండింటిని మన వేళలోనికి మార్చి, పిదప తీసివేత చేయవలెను. అచ్చట చలికాలపు రాత్రి 8½ గంటలైనచో మనకు మరునాటి యుదయము 10 గంటలు. నడుమ వేఱొక యూర విమానము మాఱవలసియున్నచో నచ్చట వేచియుండు కాలమును గూడ నీ లెక్కలో చేరును.

ఈ లెక్క వినోదమునకు గాదు. మధుమేహమునకు ఇన్సులిన్ తీసికొను తల్లి తేదీని నమ్ముకొన్నచో మోతాదు తప్పును. గడచు గంటలను వ్రాసికొని, బయలుదేరుటకు ముందే వైద్యునకు చూపి, ఏ మందు ఎప్పుడని యడిగి తెలిసికొనవలెను. మందులను పెద్ద పెట్టెలో గాక చేతిసంచిలోనే యుంచుకొనవలెను. గంటలతరబడి కదలక కూర్చున్నచో కాళ్ల సిరలలో రక్తము గడ్డకట్టు ప్రమాదము గలదు. కావున నప్పుడప్పుడు లేచి నాలుగడుగులు వేయుచు, కూర్చున్నచోటనే పాదములు కదలించుచుండవలెను.

తల్లి యారోగ్యముతో దిగినప్పుడే గదా, బాలింతకు ఆసరా!