దద్దుర్లన్నిటికీ "పడనిది" తినడమే కారణమా?



మన నాయుడుపేట ప్రాంతంలో ఒంటిమీద దద్దుర్లు లేస్తే ఇంట్లో మొదట వచ్చే మాట "ఏదో పడలేదు" అని. నిన్న తిన్న వంకాయ మీదో, మొన్న తిన్న పులికాట్ రొయ్యల మీదో నింద పడుతుంది. నెలల తరబడి దద్దుర్లు వస్తూనే ఉంటే గోంగూర, గుడ్డు, చేప, పాలు ఒక్కొక్కటే మానిపిస్తారు. చివరికి ఆ ఇల్లాలికి చారన్నమే మిగులుతుంది. ఒంట్లో సత్తువ తగ్గుతుంది గాని దద్దుర్లు తగ్గవు. ఎందుకని?

కొన్ని కుటుంబాలలో తాతకు ఉబ్బసం, తండ్రికి విడవని తుమ్ములు, బిడ్డకు ఎగ్జిమా ఉంటాయి. నూర్పిళ్ల దుమ్ము తగిలితే చాలు, ముక్కు కారుతుంది. దీనినే అలర్జీ తత్వం అంటారు. ఇది వంశంలో వచ్చే గుణం. ఇలాంటివారిలో చాలామందికి ఐజీఇ అనే ప్రతిరక్షకం ఎక్కువగా తయారవుతుంది. దీనిని 1966లో ఇషిజాకా అనే జపాను శాస్త్రజ్ఞ దంపతులు అమెరికాలో పనిచేస్తూ గుర్తించారు.

మన చర్మంలో మాస్ట్ కణాలు ఉన్నాయి. అవి హిస్టమిన్ అనే పదార్థాన్ని వదిలినప్పుడు చర్మం ఎర్రబడి, ఉబ్బి, దురద పెడుతుంది. అదే దద్దు. ఒక్కొక్క దద్దు సాధారణంగా 24 గంటలలోపు మాయమై మరొకచోట లేస్తుంది. ఇలా 6 వారాలు దాటితే దీర్ఘకాలిక దద్దుర్లు అంటారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. తలుపు ఒక్కటే అయినా తట్టే చేతులు వేరు. తిండి, మందు, కందిరీగ కాటు వల్ల వచ్చే అలర్జీ దద్దుర్లు సాధారణంగా నిమిషాలలో, లేదా రెండు గంటలలోపు లేచి, త్వరగా పోతాయి. నెలల తరబడి వచ్చేవాటిలో చాలావాటికి బయటి కారణం దొరకదు. కొందరిలో శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాలే మాస్ట్ కణాలను రెచ్చగొడతాయి. వీరిలో థైరాయిడ్ జబ్బు కూడా కొంత ఎక్కువగా కనిపిస్తుంది.

అలర్జీ తత్వం ఉన్నవారికి దీర్ఘకాలిక దద్దుర్లు రావచ్చు. అంతమాత్రాన ఆ తత్వమే కారణమని కాదు. రక్తపరీక్షలో "రొయ్యలకు అలర్జీ" అని వచ్చినా, రొయ్యలు తిన్న ప్రతిసారీ దద్దుర్లు లేస్తున్నాయా అని చూడాలి. తిన్నది, వేసుకున్న మందు, దద్దుర్లు వచ్చిన వేళ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. డాక్టరు చెప్పకుండా ఆహారం మానిపించకండి.

ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కొందరికి దద్దుర్లను ఎక్కువ చేస్తాయి. బిగుతు బట్టలు, ఉక్క, మనోవేదన కూడా అంతే. సిట్రిజిన్ వంటి మాత్రను దురద పుట్టినప్పుడే గాక, డాక్టరు చెప్పిన ప్రకారం రోజూ వేసుకోవాలి. మోతాదు పెంచవలసివస్తే ఆయనే పెంచాలి. మత్తుగా ఉంటే ట్రాక్టరు నడపకండి. "ఒక్క సూదితో పోతుంది" అని పదే పదే స్టిరాయిడ్ ఇంజెక్షన్లు వేయించుకోవద్దు. అప్పటికి ఉపశమనం కలిగినా షుగరు, రక్తపోటు పెరుగుతాయి, ఎముకలు గుల్లబారుతాయి. మాత్రలకు లొంగనివారికి ఒమలిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది, గాని ఖరీదెక్కువ. తిరుపతి రుయా ఆసుపత్రిలో, వేలూరు సి.ఎం.సి.లో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి.

నాలుక, గొంతు వాచినా, ఊపిరాడకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయాలి. ఒకే దద్దు 24 గంటలు దాటి నొప్పిగా ఉండి, కమిలిన మచ్చ మిగిలితే డాక్టరుకు చూపించాలి.

దద్దుర్లు అంటువ్యాధి కాదు. ఆ బిడ్డ పళ్లెం, పక్క వేరుచేయనక్కరలేదు. పెళ్లి కావలసిన ఆడపిల్లకు ఇది మచ్చా కాదు. చాలామందికి కొన్ని నెలల్లోనో, కొన్ని ఏళ్లలోనో తగ్గిపోయేదే. అంతవరకు ఆమెకు కావలసినవి క్రమంగా మందు, కడుపునిండా అన్నం, ఇంటివారి ఓపిక.