సోషల్ గైడులో లేదు, గడపలో ఉన్నది

రాత్రి పది దాటింది. మా బిడ్డ ఏడో తరగతి. తెల్లారితే స్లిప్ టెస్టు. గైడు ఒళ్లో పెట్టుకొని, ముందుకు వెనక్కు ఊగుకుంట, ఒకటే ముక్క నమిలి నమిలి చెప్తున్నది: గణపతిదేవుడు 1199 నుండి 1262 వరకు పరిపాలించెను, అనేక చెరువులు తవ్వించెను, 1199 నుండి 1262 వరకు పరిపాలించెను... నేను ఊకుండలేక అడిగిన. "బిడ్డా, మనూరి చెరువుకు ఎన్ని తూములున్నయి?" తల ఎత్తకుండనే జవాబిచ్చింది. "అది సిలబస్‌ల లేదు డాడీ."

సిలబస్‌లో లేదట! మన చరిత్ర పుస్తకాల్లో లేదని ఎన్నేండ్లు మొత్తుకున్నం? సభల్లో, ధూంధాంలలో, యూనివర్సిటీ మెట్ల మీద ఎన్నిసార్లు అడిగినం? 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. పుస్తకాలు మారినయి. హైదరాబాద్ రాష్ట్రంలో స్వాతంత్ర్యోద్యమం ఎనిమిదో తరగతి పాఠమైంది. నిజాం కాలపు భూస్వాములు, కౌలుదార్ల ముచ్చట పాఠమైంది. పదో తరగతిలో రాష్ట్ర ఉద్యమమే ఒక పాఠంగా ఎక్కింది. అట్ల కొట్లాడి ఎక్కించిన చరిత్రను గైడు మింగుతున్నది. ఆ గైడును మనమే పైసలిచ్చి కొనుక్కొస్తున్నం. నేను కూడా కొన్న. నా తప్పు ముందు ఒప్పుకొనే మాట్లాడుతున్న.

2012 నుంచి వచ్చిన సోషల్ పుస్తకాలు చెడ్డవి కావు. ఈ మాట గట్టిగనే చెప్పాలె. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, దాని వెనుక 2011 రాష్ట్ర చట్రం వచ్చినంక తయారైన పుస్తకాలవి. పాఠం నడుమ ఆపి ఆపి ప్రశ్నలడుగుతయి. మీ ఊరిలో ఇది ఎట్లున్నది? మీ ఇంట్ల పెద్దలు ఏమంటరు? రెండూ పోల్చి చెప్పు. ఈ ప్రశ్నలకు జవాబు పుస్తకంలో దొరకదు. పిల్లలు లేచి, బయటికి పోయి, అడిగి తెలుసుకోవాలె. ఆ ప్రశ్న పెట్టిందే అందుకు.

మరి గైడు రాసెటాయన ఏం చేసిండు? "మీ గ్రామంలోని నీటి వనరులేవి?" అన్నదానికి కూడా జవాబు అచ్చేసిండు. మా గ్రామంలో ఒక చెరువు, రెండు బావులు, ఒక కాలువ కలవు. ఏ గ్రామమయ్యా అది? ఏ మండలం? తరగతిలో నలభై మంది ఉంటే నలభై నోట్‌బుక్కుల్లో ఒకటే ఊరు! పాలమూరు పిలగానికీ అదే ఊరు, ములుగు పిల్లకూ అదే ఊరు. పట్నంలో అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తుల పుట్టి పెరిగినోనికీ అవే రెండు బావులు. అందరికీ ఎర్ర పెన్నుతో టిక్కులు. ఊరు పేరు లేని ఊరికి మార్కులేసే చదువు ఇది.

ఆరో తరగతి పుస్తకంలో డోకూరు అని ఒక పాఠం వచ్చింది. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఊరు. పీఠభూమి మీద ఊరెట్లుంటది, వానలు పడకుంటే ఏమైతది, భూగర్భజలం ఎందుకు అడుగంటింది, జనం ఎందుకు వలసపోతరు, ఇదంతా సోషల్. పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1970ల నుంచే ఆ ఊరును పట్టుకొని ఏండ్ల తరబడి లెక్కలు రాసుకున్నరు. దేశదేశాల పండితులు చదివిన ఊరు. ఇప్పుడు పాలమూరు బడిలో కూసున్న ఒక పిలగాన్ని ఊహించుకోండి. తల్లిదండ్రులు దీపావళి దాటంగనే మేస్త్రీ వెంట పోయిండ్రు. ఇంట్ల ముసలవ్వ ఉన్నది. వాడు "వలసకు నాలుగు కారణాలు వ్రాయుము" అన్న ప్రశ్నకు గైడులోని నాలుగు పాయింట్లు బట్టీ పడుతున్నడు. మూడు గుర్తున్నయి, నాలుగోది మర్చిపోయిండు. మార్కు పోయింది. తన ఇంట్ల జరిగిందే నాలుగో పాయింటని వానికి చెప్పినోళ్లు లేరు.

ఇగ ప్రాజెక్టు పని సంగతి. ఆ పేరు వింటే తల్లులకు చలి జ్వరం. శుక్రవారం సాయంత్రం పిల్లలు వచ్చి "సోమవారం వరకు ప్రాజెక్టు కావాలె" అంటరు. తండ్రి సుతారి పని చేసి వచ్చి కాళ్లు కడుక్కోకముందే జిరాక్స్ షాపుకు ఉరుకుతడు. షాపాయన దగ్గర అన్నీ రెడీ. రామప్ప గుడి కావాల్నా? నాలుగు రంగుల బొమ్మలు, రెండు పేజీల మ్యాటరు, పైన మెరిసే కవరు, రెండు వందలు. పేరొక్కటి రాసుకుంటే చాలు. పాలంపేటలోని ఆ గుడి శాసనం 1213 నాటిదనీ, రేచర్ల రుద్రుడు కట్టించిండనీ, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిందనీ ఆ కాగితంలో ఉంటది. తప్పేం లేదు. పిల్ల మాత్రం అది చదవది. టీచరు చదవరు. తండ్రి చదవడు. రెండు వందల రూపాయల కాగితం ఎవ్వరూ చదవకుండనే బీరువాలోకి పోతది. ఆ తండ్రికది సగం నాటి కూలికి దగ్గర. దీన్ని నిరంతర మూల్యాంకనం అంటున్నరు!

ప్రైవేటు బడుల కథ వేరే. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ బ్యాచులట. లెక్కలు, ఫిజిక్సు పొద్దున నుంచి రాత్రి దాకా. సోషల్ పీరియడ్ ఎవరికి కావాలంటే వాళ్లకు ఇచ్చేసే పీరియడ్. సర్కారు బడిలో సోషల్ సారు పోస్టు ఖాళీగ ఉంటే హిందీ సారో తెలుగు మేడమో పాఠం చెప్తరు, పాపం, వాళ్లు మాత్రం ఏం చేస్తరు? అన్ని చోట్లా ఇట్లనే ఉన్నదని అనను. పిల్లలను చెరువు కట్ట మీదికి, గ్రామ పంచాయతీకి తోలుకపోయి పాఠం చెప్పే సార్లను నేను ఎరుగుదును. వాళ్ల కాళ్లకు మొక్కాలె. కని వాళ్లు ఎంత మంది?

"సోషల్ చదివితే ఏమొస్తది?" అని అడిగే తల్లిదండ్రులకు ఒక మాట. ఒక్కసారి హైదరాబాద్ అశోక్‌నగర్ పోయి రాండి. డిగ్రీలు, పీజీలు, ఇంజనీరింగులు చేసిన మన పిల్లలు ఇరుకు రూముల్లో ఉండుకుంట, మెస్సుల్లో తినుకుంట, వేలకు వేలు ఫీజులు కట్టి ఏం చదువుతున్నరో చూడండి. చరిత్ర, భూగోళం, రాజ్యాంగం, ఆర్థికం. గ్రూప్-2లో తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం మీద ఒక పేపరే ఉన్నది. అక్కడి పిల్లలు మొదట కొనేదేంది? ఆరు నుంచి పది దాకా సోషల్ పుస్తకాలు! పన్నెండేండ్ల వయసులో పుక్కట్ల వచ్చే చదువును వద్దని పక్కకు నూకి, ఇరవై ఐదేండ్లకు అప్పు చేసి కొనుక్కుంటున్నం. ఇంతకన్న తెలివితక్కువ బేరం ఉంటదా?

"మేం చదువుకోలే, పిల్లలకేం చెప్తం" అని తల్లులు అంటరు. ఇదే నాకు ఎక్కువ బాధ. లెక్కలు చెప్పలేకపోవచ్చు, ఇంగ్లీషు చెప్పలేకపోవచ్చు. సోషల్ మాత్రం మీ నోట్లనే ఉన్నది. తహసీల్, జిల్లా, పట్టా, పహాణీ, గిర్దావర్, కచ్చీరు, ఈ మాటలు మీకెవరు నేర్పిండ్రు? నిజాం కాలపు పరిపాలన అంతా మీ మాటల్లో నిలిచి ఉన్నది. బీడీలు చుట్టే తల్లికి పరిశ్రమల పాఠం ఎవరు చెప్పాలె? ఐకేపీ సంఘంలో తీర్మానం పుస్తకం మీద సంతకం పెట్టే అక్కకు ప్రజాస్వామ్యం గైడు చెప్తదా?

పుస్తకం చూస్తే ఇంగ్లీషు అని భయపడకండి. 2022-23లో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టినప్పుడు ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉండే పుస్తకాలు ఇచ్చిండ్రు. ఆ తెలుగు పేజీ మీకోసమే అనుకోండి. పిల్లలు ఆ పేజీ పైకి చదవాలె, మీరు అన్నం వండుకుంట వినాలె. చదివినంక పుస్తకం మూసి, "ఇగ నీ మాటల్ల చెప్పు" అనాలె. ఎక్కడ ఆగిపోతరో అక్కడ అర్థం కాలేదన్నట్టు. అక్కడ మళ్లా తెరవాలె. అటెన్క ఇంగ్లీషు పేజీ చదివితే సగం భయం పోతది. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. పరీక్ష ముందటి రాత్రి నాలుగు గంటలు ఊగుడు కన్న ఇది నయం. నేను మా ఇంట్ల చేసి చూసిన.

తారీకులు పిల్లలకు యాదికుండవు. ఎట్లుంటయి? ఖాళీ అంకెలాయె. గోడకొక పొడుగు కాగితం అంటించి గీత గీయండి. 1948 సెప్టెంబర్ 17, 1956 నవంబర్ 1, 1969, 2014 జూన్ 2 పెట్టండి. వాటి నడుమ మీ ఇంటి సంగతులు పెట్టండి. తాత పుట్టింది ఎప్పుడు? 1969ల తాత ఏం చేస్తున్నడు, బడి బందైందా, లాఠీ దెబ్బ తిన్నడా? ఇంటికి కరెంటు ఎప్పుడొచ్చింది? అమ్మ పెండ్లి ఎప్పుడైంది? అప్పుడు చూడండి, 1956 ఇంటి చుట్టం లెక్క యాదికుంటది.

పటం కూడా అంతే. ఇండియా పటం ముందుగాల వద్దు. ఇంటి నుంచి బస్టాండు దాకా గీయమనండి, ఉత్తరం ఎటో పెట్టమనండి. తర్వాత మండలం, తర్వాత జిల్లా. ఇక్కడ ఒక పేచీ వస్తది. మీకు పది జిల్లాలే యాదికుంటయి. 2016 అక్టోబర్‌లో 31 అయినయి, 2019లో నారాయణపేట, ములుగు చేరి 33 అయినయి. పిల్లలు మిమ్మల్ని చూసి నవ్వుతరు. నవ్వనియ్యండి. పాతవి మీరు చెప్పండి, కొత్తవి వాళ్లు చెప్తరు, రెండూ ఒకటే పటం మీద గీయండి. పాలనా విభజన పాఠం అక్కడికే అయిపోయింది.

సర్కారును కూడా అడగాల్సింది ఉన్నది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. బడి యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని ఆ చట్టంలనే ఉన్నది. కమిటీ అంటే ఆగస్టు పదిహేనుకు చాక్లెట్లు పంచుడేనా? సోషల్‌కు వారానికి ఎన్ని పీరియడ్లు నడుస్తున్నయో అడుగుండ్రి. గైడు చూసి రాసిన జవాబుకు మార్కు ఎందుకేస్తున్నరో అడుగుండ్రి. ప్రాజెక్టు బడి టైములనే చేయించాలె, కాగితం మెరుపు చూసుడు బందుపెట్టి పిల్లలు నిలబడి చెప్పింది వినాలె అని తీర్మానం రాయుండ్రి. పైసా ఖర్చు లేదు, జీవో అక్కర లేదు.

ఉద్యోగ మిత్రులకు, టీచరన్నలకు ఒక మాట యాది చేస్తున్న. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. బడులు మూతపడ్డయి. తల్లిదండ్రులు ఒక్క మాట అనలే. "రాష్ట్రం రానియ్యి సారూ, పిల్లలు తర్వాత చదువుకుంటరు" అన్నరు. అప్పటి ఆరో తరగతి పిల్లలకు ఇప్పుడు పాతికేండ్లు దాటినయి. వాళ్లకు ఆ బాకీ తీర్చలేం. వాళ్ల తమ్ములు, చెల్లెండ్లు, ఇప్పుడిప్పుడే వాళ్ల పిల్లలు బడికి వస్తున్నరు. విద్యార్థి తమ్ముళ్లారా, దసరాకు ఊరికి పోయినప్పుడు వాడకట్టు పిల్లలు పది మందిని అరుగు మీద కూసోబెట్టుండ్రి. పాఠం చెప్పనవసరం లేదు. ఆ పుస్తకంలో మీ ఊరి గురించి అడిగిన ప్రశ్నలు ఏరి, వాటికి జవాబు ఎవరి దగ్గర దొరుకుతదో ఇల్లు చూపెట్టుండ్రి.

మా బిడ్డ సంగతి చెప్పి ఆపుతా. ఆ స్లిప్ టెస్టు అయిన ఆదివారం ఊరికి తోలుకపోయిన. నానమ్మ చేయి పట్టుకొని కట్ట ఎక్కింది. తూములు రెండు, అలుగు ఒకటి. నీళ్లు వదిలే నీరటి వాళ్లకు పంట కాలంలో ఏమిచ్చేటోళ్లు, పెద్ద తూము కింది మడులెవరివి, తోక మడులెవరివి, కరువొస్తే ముందు ఎవరి పొలం ఎండేది, అన్నీ అడిగింది. ఆఖరి ప్రశ్నకు నానమ్మ చాలా సేపు ఏమనలే. తర్వాత చెప్పింది. అదంతా బిడ్డ పెన్సిల్‌తో ఆరు పేజీలు రాసింది, చెరువు బొమ్మ వంకర టింకరగ గీసింది. అదే ప్రాజెక్టుగ ఇచ్చింది.

ఐదుకు రెండు మార్కులొచ్చినయి. "నీట్‌గా లేదు, మ్యాటర్ గైడు ప్రకారం లేదు" అని కింద రాసి ఉన్నది. జిరాక్స్ షాపు రామప్పకు ఐదుకు ఐదు.

వచ్చే శనివారం తల్లిదండ్రుల మీటింగు ఉన్నది. ఆ ఆరు పేజీలు పట్టుకొని పోతున్న. నానమ్మ కూడా వస్తనన్నది.